జంపయ్య చూసిన మూల

ఏ పనైనా సరే, ముందు ఓ మూల చేసి చూడనిదే జంపయ్య బాబాయ్ మిగతాది ముట్టడు. చాయ్ ఇస్తే సాసర్లో నాలుగు చుక్కలు పోసుకుని, చప్పరించి, కాసేపు ఆలోచించి, అప్పుడు కప్పు ఎత్తుతాడు. కొత్త చెప్పులు కొంటే రెండు రోజులు ఒక్క కాలికే వేసుకుంటాడు. రెండో కాలికి పాతదే. భద్రాచలం బస్టాండంతా నవ్వినా లెక్కచేయడు.

"నన్ను చూడవచ్చిన నాడు అందరు నడిమింట్ల కూసుంటే ఈయనొక్కడే గడప మూలకు కూసున్నడు," అని ఆయన భార్య ముత్తక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. "ఏందయ్యా అంటే, ముందు గీ మూల చూస్తున్న అన్నడు. మూడు వారాలు గట్లనే వచ్చి కూసున్నడు. మా అయ్యకు విసుగొచ్చి పిల్లనిచ్చిండు."

వినడానికి బాగానే ఉంటుంది. గడియారం తరుముతున్న రోజున మాత్రం ఒళ్లు మండిపోతుంది.

పర్ణశాల దారిలో మా రిసార్టు. నేను మేనేజర్‌ని, పేరు జ్యోత్స్న, చేరి రెండు నెలలు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ప్రారంభోత్సవం. అందరూ చూడబోయేది ఈత కొలనునే. ఫైబర్ తొట్టి, లేత నీలం రంగు. బోరు నీళ్ల పుణ్యమా అని అంచు చుట్టూ తెల్లటి గార కట్టింది, మెట్ల మీద తుప్పు రంగు మరకలు పడ్డాయి. ఓనరు చెంచురామయ్య గారు సత్తుపల్లి వైపు పెద్ద రైతు. "దీనిమీద గీత పడిందంటే, గీసినోళ్లు ఆ రోజే గేటు బయట!" అని నేను చేరిన రోజే చెప్పారు.

ఆ గీత పొద్దున్నే నేనే గీశాను.

ఆగలేక, గిన్నెలు తోమే ఇనుప పీచు తెచ్చి నిచ్చెన పక్కన అంచును రుద్దాను. గార పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. అరచేయంత మేర గరుకుగా పాలిపోయింది. దానిమీద తువ్వాలు ఆరేసి, సారపాక నుంచి జంపయ్య బాబాయ్‌ని పిలిపించాను. ఆ చుట్టుపక్కల ఈత తొట్లు కడగడంలో ఆయనదే పేరు. పదిహేనేళ్లలో ఒక్క గీత పెట్టలేదంటారు.

"నీళ్లన్నీ తోడేసి యాసిడ్ కొట్టు బాబాయ్, జల్దీ!" అన్నాను.

"తోడితే ఇంకేమన్న ఉన్నదా? మొన్ననే వానలు పడ్డయి. కింద ఊట ఉంటది. ఖాళీ తొట్టి పడవ లెక్క పైకి లేస్తది బిడ్డా."

"మరి ఏం చేస్తావ్?"

"ముందు ఓ మూల చూద్దాం."

తుప్పు మరకకు అదే మందని సి విటమిన్ బిళ్లలు దంచి, పాత సాక్సులో పోసి, అడుగు మెట్టు మూల ఓ మరక మీద పెట్టాడు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నేనూ బిగబట్టాను, కోపంతో. సాక్సు తీస్తే కింద నీలం మెరిసింది.

"పోయింది కదా! ఇక మొత్తం వెయ్యి!"

"ఆగు. అవతలి మూల ఎండ తగుల్తది. అది వేరే."

తొట్టికి నాలుగు మూలలే అని దేవుడికి దండం పెట్టుకున్నాను. మెట్ల దగ్గర అయిదోది కనిపెట్టాడు.

ఒంటిగంటకు ఆ పొడి నీళ్లంతటా చల్లి మోటారు వేశాడు. తర్వాత అంచు గార. వెనిగర్‌లో తడిపిన గుడ్డ బారెడు మేర అంటించి, పది నిమిషాలు ఆగి, మెత్తటి స్పాంజితో తుడిచి, వేలితో తడిమి, వాసన చూసి, అప్పుడు ఇంకో బారెడు. రెండు దాటింది, మూడు దాటింది. నాకు కన్నీళ్లొక్కటే తక్కువ.

మూడున్నరకు ఆఖరి బారెడు తుడిచాడు. తొట్టి పెళ్లికూతురిలా ఉంది. హమ్మయ్య అనుకునేలోపే గేటు దగ్గర కారు ఆగింది. చెంచురామయ్య గారు అరగంట ముందే వచ్చేశారు. తొట్టి చుట్టూ తిరిగారు, మురిసిపోయారు. "ఇదేందమ్మా, ఇక్కడ తువ్వాలేంది?" అని ఎత్తారు.

ఆయన మొహం ఎర్రబడింది. "ఎవరు గీసింది దీన్ని?"

నేనేనని చెప్పాలనుకుంటూనే ఆయన చేతిలో తువ్వాలు అందుకుని మడతపెట్టసాగాను.

"నా మూల అయ్యా అది," అన్నాడు జంపయ్య బాబాయ్, గుడ్డ పిండుకుంటూ. "ముందు ఓ మూల చూడకుంట నేను చెయ్య గద."

"గోరంత చూస్తావని విన్నా. ఇది చేయంత ఉందేందయ్యా?"

"మొండి గార. చేయంత చూడాల్సొచ్చింది. ఆదివారం వచ్చి పాలిష్ వెట్టి పోత."

చెంచురామయ్య గారు తొట్టిని చూశారు, ఆయన్ని చూశారు. "పదిహేనేళ్ల పేరు ఒక్క రోజులో పోగొట్టుకున్నావు కదయ్యా," అని గొణిగి లోపలికి వెళ్లిపోయారు.

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. "నీకు ఎప్పుడు తెలిసింది బాబాయ్?"

"నీళ్లల్ల దిగినోనికి కనబడదా? పొద్దుగాలనే చూసిన."

"మరి నన్ను తిట్టలేదే?"

"నువ్వే తిట్టుకుంటున్నవు గద, ఇగ నేనెందుకు?"

"నీ పేరు పోయింది కదా!"

"పేరుకేమైతది? ఇంకో తొట్టి కడిగితే మళ్లొస్తది. నీ కొలువు పోతే గట్ల రాదు."

అన్నట్టుగానే ఆదివారం కారు పాలిష్ డబ్బా, మెత్తటి గుడ్డ పట్టుకుని వచ్చాడు. నేను చాయ్ తెచ్చేసరికి తొట్టి అంచున కాళ్లు నీళ్లలో పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. డబ్బా మూత కూడా తీయలేదు. చాయ్ అందుకుని, గుడ్డ నా చేతిలో పెట్టాడు.

"తప్పు నేను మోసిన బిడ్డా. రుద్దుడన్న నువ్వు రుద్దు."