ఆమె చేతిలో ఖలీజీ పాస్‌పోర్టు

రెండువేల ఆరు ప్రాంతంలో మేం అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక అరబ్బు కుటుంబం ఇంటి వెనకభాగంలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన దగ్గర్లోని ముసఫా పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపులో అకౌంటెంట్. కంపెనీ ఫ్యామిలీ వీసా ఇవ్వకపోవడంతో నేను విజిట్ వీసా మీద వెళ్ళి, గడువు తీరినప్పుడల్లా దాన్ని మార్పించుకుంటూ ఉండేదాన్ని. వెళ్ళిన కొన్నాళ్ళకే నెల తప్పాను.

ఇంటి యజమాని భార్యది ఒమన్. ఆవిడ చెల్లెలు కాన్పు కోసం ఒమన్ నుంచి అక్క దగ్గరికి వచ్చింది. ఆమెకూ నాకూ ఇంచుమించు ఒకటే నెల. సాయంత్రాలు ఇద్దరం వాకిట్లో నడిచేవాళ్ళం. ఆమెకు హిందీ వచ్చు. ఊరికే నవ్వేది. నాకామె అంటే ఇష్టంగానే ఉండేది.

ఒకరోజు నా కాళ్ళు వాచాయి. "యల్లా బెహెన్, నేను హాస్పిటల్‌కే వెళ్తున్నా, నువ్వూ రా" అంది.

అది గవర్నమెంట్ హాస్పిటల్. కౌంటర్లో గుమస్తా ఆమె పాస్‌పోర్టు చూసి నవ్వుతూ లోపలికి పంపేశాడు. నాది మాత్రం మర్యాదగా వెనక్కిచ్చాడు.

"ఎమర్జెన్సీ అయితే చూస్తాం సిస్టర్. చెకప్‌లకి ప్రైవేట్‌కి వెళ్ళండి."

"ఆవిడా చుట్టపుచూపుగా వచ్చిందే కదా!"

"వాళ్ళు ఖలీజీలు. గల్ఫ్ దేశాలకి తమలో తమకి ఒప్పందం ఉంది. ఒకళ్ళ దేశంలో ఇంకొకళ్ళని సొంతవాళ్ళలాగే చూస్తారు. ఇండియాతో అలాంటిదేం లేదు."

బయట కుర్చీలో కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల మంచం మీద ఆమె, చుట్టూ ఇద్దరు నర్సులు కనిపించేవారు. ఇద్దరం పరాయి దేశంవాళ్ళమే. ఇద్దరి కడుపుల్లోనూ బిడ్డలే. బయటికొచ్చి ఆమె "నా డాక్టర్‌తో నీ సంగతి మాట్లాడనా?" అంటే, "ఖలాస్, వద్దులే" అన్నాను. తిరిగొచ్చే దారిపొడవునా కారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన్ని పట్టుకున్నాను. "ఏవండీ, వాళ్ళ దేశాలకున్న ఒప్పందం మనకెందుకు లేదు?"

"నన్నడిగితే ఏం చెప్పనే? నెలలు నిండితే విమానం ఎక్కనివ్వరు, ఈలోపే కాకినాడ మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపో. అదే మంచిది" అన్నారు.

బయల్దేరే రోజు ఆమె నన్ను వాటేసుకుంది. "నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్తున్నావు. మా అమ్మే ఉంటే నేనిక్కడికి వచ్చేదాన్నా?" అంది. కళ్ళల్లో నీళ్ళు. జాలి కలగాల్సిన మాట. కలిగింది కూడా. కానీ దానికింద కుళ్ళు కుళ్ళుగానే ఉంది.

నాకు కాకినాడలో ఆడపిల్ల పుట్టింది. మా ఆయనకి ఫోన్లో పిల్ల ఏడుపు వినిపించాను. ఆయన, ఏదో ఒకటి చెప్పాలన్నట్టు, "ముందింటి ఆవిడ చెల్లెలికి కూడా మొన్న కాన్పయింది, మగపిల్లాడు. వాళ్ళాయన కబురందగానే మస్కట్ నుంచి కారేసుకుని వచ్చేశాడు. పొద్దున్న గేటు దగ్గర పిల్లాణ్ణి ఎత్తుకుని కనిపించాడు" అన్నారు.

ఫోన్ అమ్మ చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను.

మా ఆయనకి సెలవు దొరికేసరికి పిల్ల బోర్లాపడుతోంది. ఆయన ఎత్తుకోగానే కొత్తమనిషిని చూసి గుక్కపెట్టి ఏడ్చింది.