తోక సూడు సెల్లీ

నాకు ముందు వచ్చినవి ఆరు ఇంగ్లీషు అక్షరాలు. వాటితో ఒక మనిషి గురించి రాయలేం. తెలుగు అక్షరాలు నాకు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. అందుకే ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నిన్న మందుల దుకాణంలో కంప్యూటరు ఫ్యాను వదిలిన వేడి దుమ్ము వాసన తగిలింది. సింహాచలం గారు పక్కనే కూర్చున్నట్టయింది.

హిందీవాళ్ల ఊరు బిష్టుపూర్‌లో, కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో నేను ఊడ్చి టీ కాచేదాన్ని. సింహాచలం గారు అక్కడ మెకానిక్కు. మా శ్రీకాకుళం వైపు మనిషి కావడంతో అన్నా అని పిలిచేదాన్ని. కంప్యూటర్లలోకి దొంగలు రాకుండా కాపలా సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఆయన పని. కంప్యూటరును నడిపే లినక్స్‌లో రకాలున్నాయట, ఒక్కోదానికి ఒక్కో ప్యాకేజీ, దాని పేరు చివర వేరే మూడక్షరాలు.

"మందొకటే, సీసాలు వేరు. పేరు సివర తోక సూడు సెల్లీ. ఏటుంది?"

"డి, ఈ, బి."

"ఇది రెండో రకం మిషను. ఆర్, పీ, ఎమ్ ఉన్నది ఎతుకు."

షుగరు ఆయన కళ్లను తినేస్తోందని నాకొక్కదానికే తెలుసు. వేళ్లకు మీటలు తెలుసు కాబట్టి టైపు చేయడం ఆగలేదు. తెర మీద ఉన్నది చదవడానికి నేను కావాలి. అలా మిగతా అక్షరాలూ వచ్చాయి, మాటలు మాత్రం రాలేదు. యజమానికి తెలిస్తే ఆయన పని పోతుంది. అందుకే గుసగుసగా చదివేదాన్ని.

ఒకనాడు నర్సింగ్ హోము నుంచి వచ్చిన మిషనులో కాపలా సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే, తెర మీద ఎప్పుడూ లేని వరుస వచ్చి ఆగింది. అప్పుడే యజమాని వెనక నిలబడ్డాడు.

"వై దబాదో నా, దాదా! రోజ్ తో దబాతే హో."

రోజూ నొక్కేదే కదా, 'సరే' అనే వై మీట నొక్కెయ్యమంటున్నాడు. ఆయన వేలు దాని మీదే ఉంది. నొక్కితే గండం గడిచేది.

"ఏటి రాసుందో సదువు సెల్లీ."

"సారున్నాడన్నా," అన్నాను మెల్లగా.

"ఉండనీ. గట్టిగా సదువు."

ఒక్కో అక్షరం చదివాను. ఆయన వాటిని కూడబలుక్కుని, "తయారుసేసినోల సంతకం కలవనేదు. ఇదెవుడో మార్చిన సరుకు. ఎక్కించకూడదు," అన్నారు.

"ఆంఖేం గయీ క్యా, దాదా?"

కళ్లు పోయాయా అని అడిగితే, ఆయన తెర వైపే ముఖం పెట్టి, "హాఁ," అని ఒప్పుకున్నారు.

ఆయన కుర్చీలోంచి లేవగానే యజమానే ఆ మీట నొక్కేశాడు. నర్సింగ్ హోములో తరవాత ఏమైందో నాకు తెలియదు. ఆయనకు మాత్రం మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు. మూడో వానాకాలం చూడకుండానే పోయారు. ఎవరు ఎంత తొందరపెట్టినా, చదవకుండా దేనికీ సరే అనలేను నేను.

ఆయన్ని పంపేసిన మర్నాడు పొద్దున్న నేను దుకాణానికి పోలేదు. పలక కొనుక్కుని బిర్సానగర్‌లో ఆయన గదికి వెళ్లి, ఆయన చేతిలో పెట్టాను. అంచులు తడిమి చూసుకున్నారు.

"నాకు కనపడదు గదే."

"నాకు కనపడతాది గదన్నా. అ ఎలాగుంటాదో నువ్వు సెప్పు. నేను రాత్తాను."