కేస్ షీటులో నా చేతిరాత

గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం చీరలు నేసే ఒకావిడ వాంతులతో వచ్చి చేరింది. డాక్టర్ రాసిన ఇంజెక్షన్‌ను ఆమె కుడిచేతికి పెట్టిన సూదిలోంచి ఎక్కిస్తుంటే కెవ్వున అరిచింది.

"చెయ్యి కాలిపోతున్నది సిస్టరమ్మా, జర ఆపు!"

ఆపి, పక్క గదిలో ఉన్న డాక్టర్‌కు చెప్పాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"అందరికీ గట్లనే మండుతది. ఎక్కించెయ్."

ఎక్కించాను. రెండో రోజుకు వేళ్లు నల్లబడ్డాయి. కర్నూలు తీసుకుపోతే రెండు వేళ్లు తీసేశారు.

ఆమె భర్త వచ్చి కేస్ షీటు నకలు అడిగాడు. అడిగాక మూడు రోజుల్లో ఇచ్చి తీరాలి. మూడో రోజు డాక్టర్ నన్ను పిలిచి తలుపు మూశాడు. నేను రాసిన పేజీ చింపి, తెల్ల కాగితం ముందు పెట్టాడు.

"ఆమెనే సూది గుంజుకున్నదని రాయి. ఎక్కించింది నువ్వు, సంతకం నీది. కొత్త చట్టంల జైలుకు పోయేదెవరు?"

చట్టం నాకు తెలియదు. మల్దకల్‌లో ఉన్న మా నాయన ముఖం గుర్తొచ్చింది. రాశాను.

ఆమె భర్త కేసు వేశాడు. ఆ తర్వాత నేను ఉద్యోగం మానేస్తానంటే, "కేసు తేలేదాక యాడికీ పోవద్దు" అనేవాడు డాక్టర్. దవాఖాన వకీలు తయారుచేసిన అఫిడవిట్ మీదా నాచేత సంతకం పెట్టించారు.

వినియోగదారుల కమిషన్‌లో నన్ను ప్రశ్నించే రోజున ఆమె ఎదురుగా కూర్చుంది. చెయ్యి కొంగులో దాచుకుంది.

"సూది ఆమె గుంజుకోవడం మీరు చూశారా?" అని ఆమె వకీలు అడిగాడు.

"లేదు సార్. మండుతున్నదని చెప్పింది. ఆపి, మళ్ల ఎక్కించిన. ఆ కాగితం తర్వాత రాసిన."

బయట వరండాలో నమస్కారం పెట్టబోతే ఆమె ముఖం తిప్పుకుంది. "గీ మాట అప్పుడే చెప్తే ఏం పోయేది? ఇన్ని దినాలు మమ్మల్ని అబద్ధాలోళ్లను చేసిన్రు."

ఆమెకు పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. సిబ్బంది తప్పుకు దవాఖానే జవాబుదారీ అని అందులో చదివాకే నాకు తెలిసింది. రికార్డు మార్చినందుకు నా మీదా ఒక పేరా ఉంది.

ఉద్యోగం పోయింది. ఇప్పుడు వనపర్తిలో అక్క ఇంట్లో ఉంటున్నాను. ఆ పేరా చూసి నర్సింగ్ కౌన్సిల్ పంపిన నోటీసుకు జవాబు రాయాలి. మూడుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ 'డాక్టర్ ఎక్కించమన్నారు' అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతోంది.