పక్క మంచం భాగీరథి

వినోదకు మొదట దురద మొదలైంది. ఒంటి మీద ఒక్క పొక్కూ లేదు. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం కింద ఏదో పాకుతున్నట్టుండేది. కరోనా రెండో విడతలో సూరత్‌లోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండి, బతికి, నవాగామ్‌లోని గదికి తిరిగొచ్చిన కొన్నాళ్లకు జరిగిన సంగతి ఇది. ఆమె ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించేది. భర్త సంపత్ బట్టల కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు.

ఒక పొద్దున సంపత్ ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"నీ కండ్లేంది, గింత పచ్చగైనయి?"

ఆ ఆసుపత్రి తలుచుకుంటే వినోదకు ఒక గొంతే గుర్తొచ్చేది. గొట్టం వేయకముందు పక్క మంచం మీది ఆడమనిషి, మొహమంతా మాస్కు, ఈమె తెలుగు విని పలకరించింది. పేరు భాగీరథి అంది. "భయపడకు చెల్లె, నేనీడనే ఉన్న" అంది. మెలకువ వచ్చేసరికి ఆ మంచంలో వేరే ఎవరో ఉన్నారు. అడిగితే నర్సు "వో తో గయీ", ఆమె పోయింది, అని వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక వినోద ఆమె పేరున దీపం పెట్టింది.

పచ్చకామెర్లని మరో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడి వరండాలో, పట్టపగలు, వినోద భర్తతో మాట్లాడుతుంటే వెనక నుంచి అదే గొంతు వినిపించింది.

"చెల్లె, వినోదవేనా?"

వినోద తిరిగి చూస్తే పసుపు పూసినట్టున్న మొహం, పచ్చటి కళ్లు.

"నువ్వు... సచ్చిపోయినవన్నరు గదా!"

"నన్ను వేరే వార్డుకు మార్చిన్రు. నువ్వే పోయినవనుకున్న నేను."

అప్పుడు చూసింది వినోద. వరండాలోని బెంచీ మీద ఉన్నవాళ్లందరిదీ అదే రంగు. అందరూ కరోనాతో వెంటిలేటర్ మీద ఉండి లేచినవాళ్లేనని మాటల్లో తెలిసింది.

డాక్టరమ్మ హిందీలో చెప్పింది. కరోనా తీవ్రంగా వచ్చినవాళ్లలో కొందరికి కాలేయంలోని పైత్యరస నాళాలు దెబ్బతింటున్నాయి, అలాంటివాళ్లను వరుసగా గమనిస్తూ పరిశోధన చేస్తున్నాం అంది. నోట్లోంచి సన్నని గొట్టం దింపి నాళాలు శుభ్రం చేశాక, వినోదకు ఒక సీసా చూపించింది. అందులో నల్లగా, కొమ్మలు కొమ్మలుగా, చెట్టు వేరులాంటిది.

"గిది నా లోపల్నుంచే తీసిన్రా?"

"నీ నాళాల్లో గడ్డకట్టిన పైత్యరసం. వాటి అచ్చే."

తన లోపలి ఆకారం ఆ సీసాలో నీటిలో మెల్లగా తిరుగుతుంటే వినోద చూపు మరల్చుకోలేకపోయింది.

"నయమైతదా మేడమ్?"

"కొందరికి అవుతోంది. ఎవరికి, ఎందుకు అన్నది మాకింకా తెలియదు."

మందులతో, మరోసారి శుభ్రం చేయడంతో వినోదకు దురద తగ్గింది. కళ్లు తెల్లబడ్డాయి. భాగీరథి నాళాలు మాత్రం మూసుకుపోతూ వచ్చాయి. కాలేయం మార్చాలన్నారు. దొరికేలోపే చలికాలంలో, సూరత్ పక్కన కామ్‌రేజ్‌లోని తన ఇంట్లో పోయింది. సంపత్ ఆ మాట చెబితే వినోద నమ్మలేదు.

"నేను జూడాలె. జూడంది ఏడ్వ."

వెళ్లింది. చచ్చాక కూడా ఆ మొహం మీది పసుపు పోలేదు. పాదాలు పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

పరీక్షలకు ఇక వెళ్లొద్దులే అన్నాడు సంపత్. వినోద వినలేదు, తర్వాతి తారీఖుకు వెళ్లింది. బెంచీ మీద కొత్తగా ఇద్దరు, పచ్చగా, ఒకరినొకరు చూసుకోకుండా కూర్చుని ఉన్నారు. వినోద వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది.