సముద్రం తెర

నాటకమంటే పద్యమనీ గొంతనీ హార్మోనియమనీ జనం అనుకుంటారు. తెర వెనక బతికినవాళ్ళను అడిగితే నాటకమంటే సామాను అంటారు. నేను తిరిగిన ఊళ్ళలో చూసిన కంపెనీల్లో ఎక్కువ భాగం సామాను బరువుకే మునిగాయి. తెరలు రైల్లో వేసుకు తిరగడమంటే ఏనుగుల్ని వేసుకు తిరగడమే. అందుకని తెలివైనవాళ్ళు కిరీటాలూ గడ్డాలూ పెట్టెలో సర్దుకుని దిగేవారు. తెరలు మాత్రం దిగిన ఊళ్ళో అద్దెకు తీసుకునేవారు.

బరంపురంలో అలా అద్దెకిచ్చే కొట్లు ఒక సందు నిండా ఉండేవి. దానికి మునిసిపాలిటీవారు పెట్టిన పేరేదో ఉంది, మేమంతా తెరల సందు అనేవాళ్ళం. ఒక గదిలో జుట్లు, ఒక గదిలో కత్తులు, ఆ పక్కన పెట్రోమాక్సు దీపాలు. అన్నిటిలోకీ పెద్దకొట్టు వైకుంఠరావుగారిది. దర్బారు, అడవి, వీధి, కైలాసం, జైలు, అన్ని తెరలూ ఆయన దగ్గరుండేవి. బెజవాడ నుంచి వచ్చిన ధర్మరాజూ, కటకం నుంచి వచ్చిన ధర్మరాజూ కొలువు తీరింది ఆ ఒక్క దర్బారులోనే. కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, దక్షిణాది కంపెనీలు పల్చబడి, ఒడియా కంపెనీలు ఎక్కువైనప్పుడు ఆ సందులో చాలామంది బెంగపడ్డారు. వైకుంఠరావుగారు మాత్రం వీధి తెర మీది దుకాణాల బోర్డులు సగం ఒడియాలోకి మార్పించి ఊరుకున్నారు. “కైలాసానికి ఏ భాషైతేనేమండీ” అనేవారు.

ఆయన దగ్గర తెరలు కట్టే మనిషి పోతయ్య. సముద్రపు ఒడ్డు పొడంపేటవాడు. సముద్రం మీద తెరచాప ఎత్తిన చేతులకు నాటకాల తెర ఎత్తడం ఒక లెక్క కాదు. తాడు అతని చేతిలో చప్పుడు చెయ్యకుండా జారేది. ప్రాంప్టరుగా పక్క తెర చాటున పుస్తకం పట్టుకు నిలబడే నాకు, అతను వేసే ముడులు చూస్తూ ఉండటమే సగం కాలక్షేపం.

అతను సముద్రాన్ని తనంతట వదల్లేదు. ఒక్కడే కొడుకు, కాసులు. పెళ్ళి కుదిరాక, ముహూర్తం ఇంకా కొన్నాళ్ళుందనగా, గాలివానలో చిక్కుకున్న పడవతో పాటు పోయాడు. మనిషి దొరకలేదు. దినం అయిన మర్నాడు పోతయ్య భార్య జగ్గమ్మ వలలన్నీ వాకిట్లో వేసి, “మావా, ఇంక నువ్వు నీళ్ళలో కాలెట్టినావంటే నన్ను సూడవు” అందట. ఇద్దరూ బరంపురం వచ్చి, ఊరి శివారున అంకులి వైపు గుడిసె వేసుకున్నారు. ఆమె ఎండుచేపల గంపతో వీధులు తిరిగేది, అతను తెరల సందులో చేరాడు.

యుద్ధం మొదలైన ఏడు, కంపెనీలు కొత్తగా ఓడ ప్రయాణాల నాటకాలు పట్టుకొచ్చాయి. సముద్రం తెర కావాలన్నారు. నూనె దొరకడం కష్టమైంది కనక, చిత్రాలు వేసే కూర్మయ్య బంకనీళ్ళలో కలిపిన రంగులతోనే పని కానిచ్చాడు. నీళ్ళన్నీ వేసి, దూరాన ఒక పడవ వేసి, అందులో మనిషి ఎలా నిలబడతాడని పోతయ్యను అడిగాడు. పోతయ్య తాడు వదిలేసి లేచాడు. ఒక కాలు పీట మీద పెట్టి, వెదురు బొంగు తెడ్డులా పట్టుకుని, నడుము కాస్త వెనక్కి వాల్చి నిలబడ్డాడు. కూర్మయ్య అతన్నే చూస్తూ కుంచె ఆడించాడు. వేలెడంత బొమ్మ. ముఖమంటే ఒక గోధుమరంగు చుక్క. హాలులో కూర్చున్నవాళ్ళకు అక్కడ మనిషున్నట్టే తెలియదు.

జగ్గమ్మకు ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం తెరలు దులపడానికి వేలాడదీసి ఉంటే, మొగుడికి సద్ది ఇవ్వడానికి వచ్చి చూసింది. గంప దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

“ఓలమ్మ! ఈడు మన కాసులే” అంది.

ఫోటో అనేది ఆ ఇంట్లో లేదు. వాడి బట్టలు కూడా గాలివానలో పోయాయి. ఆ వేలెడు బొమ్మే మిగిలింది. ఆనాటి నుంచి తెరలు దులిపినప్పుడల్లా ఆమె వచ్చేది. వైకుంఠరావుగారు ముక్కు మూసుకునేవారు.

“జగ్గమ్మా, ఆ గంప బయట పెట్టి రావే తల్లీ. కైలాసమంతా నెత్తళ్ళ కంపు కొడుతోందని శివుడి వేషగాడు గోల.”

“ఆ శివుడికి సెప్పండి బాబూ, పిడికెడు నెత్తళ్ళు ఇస్తాను, పులుసెట్టుకు తింటే కంపు తెలీదు” అనేది ఆమె.

ఆ ఇంట్లో నవ్వు తిరిగి పుట్టింది ఆ తెర వచ్చాకనే.

తరవాత కొన్నేళ్ళకు ఒక ఒడియా కంపెనీ గంజాం ఊళ్ళో ఓడ నాటకం ఒప్పుకుంది. నేను ముందుగా వెళ్ళిపోయాను. తెరలు బండి మీద, పోతయ్యతో పాటు వెనక వచ్చాయి. ఋషికుల్య దాటేచోట రేవు పడవ వంగి, సముద్రం తెర చుట్ట ఒక కొస నీళ్ళలో పడింది. సముద్రం పోటు మీద ఉంది కనక అక్కడివి ఉప్పునీళ్ళు. ఆ పైన జరిగింది బండివాడు చెప్పాడు.

తడిసింది కొస మాత్రమే. లోపలంతా పొడిగానే ఉంది. అలా వదిలేస్తే అంచున ఒక మరక మిగిలేది. కానీ ఉప్పు తగిలిన తెరచాపను అలా ఉంచితే కుళ్ళుతుందని, ఒడ్డు చేరగానే మంచినీళ్ళలో జాడించాలని కడలి మనిషికి తల్లిపాలతో వచ్చిన బుద్ధి. పైగా కొట్టులోని పాత తెరలు నూనెరంగులవి. ఏటా ఎండాకాలంలో పోతయ్యే వాటిని తడిగుడ్డతో తుడిచేవాడు. అతను చుట్ట భుజానేసుకుని దారిపక్క మంచినీళ్ళ కుంటలో దిగాడు.

“ఏటి సేస్తన్నావు పోతయ్యా? పొద్దు పోతాది” అన్నాడట బండివాడు.

“ఉప్పు తినీసిన గుడ్డ నిలవదురా. ఇందులో మావోడున్నాడు. మొత్తం జాడించీసి ఎల్దాం.”

వాడున్నాడనే, అంచుతో ఆపకుండా తెరంతా విప్పి కడిగాడు. ఇది బంకరంగనీ, నీళ్ళకు కరిగిపోతుందనీ కుంటలో నీళ్ళు నీలంగా మారేవరకు అతనికి తెలియలేదు. తెలిశాక కూడా, ఆ నీలాన్ని దోసిళ్ళతో ఎత్తి గుడ్డ మీద పోశాడట.

గంజాంలో ఆ ఓడ నాటకం అడవి తెర ముందు ఆడారు. ఓడెక్కిన వర్తకుడు చెట్ల మధ్య నిలబడి తుపాను వచ్చిందని ఏడిస్తే జనం పడి పడి నవ్వారు. పోతయ్య తాడు పట్టుకునే నిలబడ్డాడు. ఎత్తవలసినప్పుడు ఎత్తాడు, దించవలసినప్పుడు దించాడు.

వైకుంఠరావుగారు కేకలు వేశారు గానీ పనిలోంచి తియ్యలేదు. కూర్మయ్యను పిలిచి మళ్ళీ వెయ్యమన్నారు. అలలు అచ్చం మునుపటిలాగే వచ్చాయి. పడవా వచ్చింది.

“ఏదీ, ఆ రోజులాగ నిలబడు పోతయ్యా” అన్నాడు కూర్మయ్య.

పోతయ్య పీట జరుపుకుని కాలెత్తాడు, దించాడు. ఇంకో కాలెత్తాడు. బొంగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు.

“బొమ్మలో ఇలగుండీవోడు బాబూ.”

“బొమ్మ మాట వదిలెయ్యి. మీవాడు ఎలా ఉండేవాడు?”

పోతయ్య బొంగు దించి గోడకు ఆనించాడు. ఇన్నేళ్ళూ వాణ్ణి తలుచుకున్నప్పుడల్లా తలుచుకున్నది ఆ బొమ్మనే. దాని వెనక ఉన్నవాడు ఎప్పుడు జారిపోయాడో అతనికి తెలియలేదు. పొడంపేట ఒడ్డున తన పక్కన నిలబడ్డవాడి కోసం వెతికితే, కళ్ళముందుకు వచ్చేది వేలెడు రంగే. అదీ నీళ్ళపాలైంది.

కూర్మయ్య మంచివాడు. వేశాడు, తుడిచాడు, మళ్ళీ వేశాడు. ఆ మధ్యాహ్నమే జగ్గమ్మ వచ్చింది. కుంట సంగతి మొగుడు ఆమెకు ముందే చెప్పాడు. పల్లెత్తు మాట అనలేదట. తెర దగ్గరికంటా వెళ్ళి, కళ్ళు చిట్లించి చూసింది.

“ఈడెవుడు?” అంది.

కూర్మయ్య కుంచె దించాడు.

“ఎవుడో బిడ్డ. సక్కగున్నాడు. తీసీండి బాబూ.”

“పోనీ, మనిషిని చెరిపేసి పడవ ఉంచుతానమ్మా” అన్నాడు కూర్మయ్య.

“మనిసి లేని పడవని సంద్రంలో ఉంచుతారేటి బాబూ! మా పేటలో ఆడదెవుర్తైనా సూసిందంటే గుండాగి సస్తాది. అదీ తీసీండి.”

కూర్మయ్య నీలం కలిపాడు. గిన్నె పట్టుకున్నది పోతయ్యే. పడవ ఉన్నచోట నీళ్ళు నిండాయి.

వాళ్ళిద్దరూ ఇంటికి బయలుదేరితే నేనూ సందు చివరిదాకా వెళ్ళాను. నాలుగు కొట్లు దాటారు. తరవాత జగ్గమ్మ అంది:

“కుడికాలే కదేటి మావా, ఆడు పడవంచున ఎట్టీవోడు?”

“కుడికాలే.”

“ఎలగవుతాది? ఆ కాలికి చిన్నప్పుడు ఆలిచిప్ప గుచ్చుకున్నాది కదా. దాని మీద బరువెయ్యలేడు.”

“గుచ్చుకున్నది ఎడంకాలికే.”

“కాదు. నానే కట్టు కట్టినాను. ఇదిగో, ఇలగ ఒళ్ళో ఎట్టుకుని...” అని ఆమె రెండు చేతులూ చాపింది. ఒళ్ళో పెట్టుకున్నది ఏ కాలో తేలక అవి అటు జరిగాయి, ఇటు జరిగాయి.

ఆ చేతులు అలాగే పట్టుకుని ఆమె నడివీధిలో ఆగిపోయింది. పోతయ్య దగ్గరికి వచ్చి, ఆమె తలమీది గంప తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు.