పెద్దకళ్ళ మరియమ్మ

మైదాపిండిలో మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు వాసన ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకు చెప్పడం వృథా. పోయినవారం మా చెల్లెలి కూతురు ఫోనులో చూసి బొమ్మలు గీస్తూ, "పెద్దమ్మా, దీన్ని మాంగా అంటారు, జపానువాళ్ళది, నీకేం అర్థం కాదులే" అంది. ఒళ్ళు మండి, అటక మీది పెట్టె దింపి, ఒక పాత పుస్తకం తీసి దాని ముక్కు కింద పెట్టాను. ఏళ్ళు గడిచినా ఆ జిగురు వాసన పోలేదు. దాని వెనకే ఖరగ్‌పూర్‌లో మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరూ, తొంభైల మొదట్లోని ఒక చలికాలమూ వచ్చి నా ఎదుట కూర్చున్నాయి.

ఆ చలికాలాలకు ఒక పద్ధతుండేది. తెల్లవారితే బొగ్గుల కుంపట్ల పొగ, మంచు కలిసిపోయి ఎదురు వరస క్వార్టర్లు మాయమయ్యేవి. షెడ్డు సైరను మోగాక సైకిళ్ళ గంటలు వినిపించేవి గానీ మనుషులు కనిపించేవారు కాదు. డిసెంబరు వచ్చిందంటే మా నానమ్మ అరిసెల పాకం పట్టేది. శ్రీకాకుళం చెరకు బెల్లం దొరకలేదని ప్రతి ఏడూ నిట్టూరుస్తూనే బెంగాలీల ఖర్జూరపు బెల్లంతో వండేది. వాటి ముందు అసలు అరిసెలు ఎందుకూ పనికిరావని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. తొక్కుడుబిళ్ళ ఆటలో తగువు తెలుగులో మొదలై, హిందీలో ముదిరి, బెంగాలీలో తెగేది.

ఆ పుస్తకం గోల్ బజార్‌లో పాత కాగితాల దుకాణంలో దొరికింది. ఐఐటీ ఉన్న హిజ్లీలో కొన్నాళ్ళుండి వెళ్ళిన జపాను కుటుంబమేదో వదిలేసినట్టుంది. అక్షరం ముక్క అర్థం కాదు; పేజీ నిండా సాసర్లంత కళ్ళున్న ఆడపిల్లలు, వాళ్ళను మెట్టుమెట్టుగా ఎలా గీయాలో చూపించే బొమ్మలు. నేను దాన్ని వదలకుండా నిలబడితే దుకాణం దాదా నవ్వి, "నియే జా మా, ఏ బొయి కేఉ పొర్బే నా" అన్నాడు. తీసుకుపో తల్లీ, దీన్నెవరూ చదవరు, అని.

మా నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. ఫైళ్ళు కుట్టడంలో తనను మించినవాడు డివిజన్లోనే లేడని ఆయన నమ్మకం. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, "తాగి కుట్టినాడమ్మా ఎవడో. మొదటి పేజీ ఆఖర్న ఎట్టినాడు, సూడు" అన్నాడు. ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే కుట్లు విప్పి, కాగితాలు విడదీసి, ఎడమ అంచున దబ్బనంతో పొడిచి, ట్వైను దారంతో కుట్టి, ఉడికించిన జిగురుతో అట్ట అంటించి, "ఇప్పుడు సదువుకో" అని నా చేతిలో పెట్టాడు.

ఒకటో పేజీ మొదటికి వచ్చింది నిజమే. కానీ పేజీలో బొమ్మలను ఎటునుంచి చూడాలో నాన్నకూ తెలియదు, నాకూ తెలియదు. మనం చదివినట్టే ఎడమ నుంచి మొదలుపెట్టాను. మొదట పూర్తయిన పిల్ల, పక్కన జుట్టు లేని పిల్ల, ఆ పక్కన కళ్ళు లేని ముఖం, చివరికి ఒట్టి కోడిగుడ్డు. అలాగే ముందు గాలిలో రెండు కళ్ళు గీసి, అన్నీ అయ్యాక చుట్టూ గుడ్డు గీసేదాన్ని. ఏదో ఒక కన్ను గుడ్డు బయటికొచ్చేది.

"ఏటే, ఈ గుంటకి కన్ను సెవి కాడుందేటి?" అనేది నానమ్మ.

"జపానోళ్ళు అలగే ఉంటారు" అని దబాయించేదాన్ని.

పక్క క్వార్టరు గార్డుగారి అమ్మాయి నస్రీన్ నా ఈడుది, రోజూ సాయంత్రం ఉర్దూ చదువుకునేది. అరిసె తింటూ నా అవస్థ చూసి, పేజీ కుడి చివర వేలు పెట్టి, "అరే పాగల్, ఇధర్ సే షురూ కర్" అంది, ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు అని. ఉర్దూ కూడా కుడి నుంచి ఎడమకే కదా, దానికది రోజూ చేసే పనే. నేను గుడ్డు గీశాను, అడ్డగీత, నిలువుగీత గీశాను, కళ్ళు పెట్టాను. కుదురుగా కూర్చున్నాయి. ఇంట్లో గంతులేశాను.

నాన్న ముఖం చిన్నబోయింది. "మరి నాను కుట్టిందేటి?"

"నువ్వు కుట్టింది గట్టిగుంది నాన్నా" అన్నాను.

ఇక నాకు మా చర్చి ఆవరణ గోడ కావాలి. అంతకుముందు దేన్నీ అంతగా కోరుకోలేదు. ప్రతి క్రిస్మస్‌కూ దానిమీద బొమ్మలు వేసే బజారు పెయింటరు ఆ ఏడు రానన్నాడు. నేను వేస్తానంటే సంఘపెద్ద సామ్యేలు తాతగారు, రిటైరైన రైలు డ్రైవరు, గయ్యిమన్నారు.

"ఆడగుంటవి, నిచ్చెనెక్కుతావేటి? ఆ కళ్ళేటి, గుడ్లగూబల్లాగ? పెబువు పండగనుకున్నావా, సర్కసనుకున్నావా?"

"పెయింటరు గొర్రెలు పందుల్లాగున్నా ఏటా ఊరుకున్నారు గదా తాతగారూ!"

పాస్టరుగారు నవ్వు దాచుకోలేక తీర్పు చెప్పారు: వెయ్యనిద్దాం, పెద్దలకు నచ్చకపోతే పండగకు ముందే సున్నం కొట్టేద్దాం. సున్నం బకెట్టు తాతగారే దగ్గరుండి కలిపించి గోడ పక్కన పెట్టించారు.

దీపపు మసి, నీలిమందు, ఎర్రమట్టి నా రంగులు. నస్రీన్ నిచ్చెన పట్టుకుంది. పుస్తకం అలవాటు కొద్దీ క్రీస్తు పుట్టిన కథంతా కుడి నుంచి ఎడమకు వేశాను. పెద్దలు చూడ్డానికొచ్చిన రోజు తాతగారు ఆవరణ మధ్య నిలబడి ఎడమ నుంచి మొదలుపెట్టారు.

"ఇదేటే! బిడ్డ పుట్టేసినాక దూతొచ్చి పుడతాడని సెప్తన్నాడు! బైబిలు తిరగేసినావు!"

అందరూ బకెట్టు వైపు చూశారు. అయినా నా నోరు ఆగుతుందా?

"గోడని పుస్తకంలాగ సూత్తన్నారు తాతగారూ. గేటెటేపుంది? అక్కడ్నించి నడిసి రండి."

గేటు కుడి చివరనుంది. ఆయన చేతికర్రతో అక్కడికి వెళ్ళి గోడ వెంట నడిచారు. దూత, ప్రయాణం, మూసిన సత్రం తలుపు, గొల్లలు, చివర పశువుల తొట్టె. తొట్టె దగ్గరికొచ్చేసరికి ఎదురుగా చర్చి గుమ్మం. గోడకు దగ్గరగా వంగి చూశారు. "కత బాగానే నడిసింది గానీ, మరియమ్మకి అంతేసి కళ్ళేటి?" అన్నారు, గొంతు తగ్గించి.

నా వెంట వచ్చిన నానమ్మ అందుకుంది. "దూత దిగొచ్చి ఎదురుగుంటే కళ్ళు సిన్నవై ఉంటాయేటి సామేలు?"

"ఆ సున్నం బకెట్టు తీసీండర్రా" అన్నారు తాతగారు.

పండగనాడు దుర్గాపూజ పందిళ్ళు చూడ్డానికి వచ్చినట్టు బెంగాలీలూ ఒడియావాళ్ళూ గేటు దగ్గర వరస కట్టారు. నాన్న ప్రతి ఒక్కరికీ, అడగకపోయినా, "మా అమ్మాయే" అని చెప్పాడు. చదువుకు ఊరు విడిచేదాకా ఆ గోడ నాదే.

పోయిన చలికాలం వెళ్ళాను. గోడ లేదు, ఇనప కంచె వేసి దానికి ఫ్లెక్సీ కట్టారు. మా వరస క్వార్టర్లు కూల్చేస్తే పిచ్చిమొక్కలు మొలిచాయి. నస్రీన్ వాళ్ళు ఎక్కడున్నారో ఎవరూ చెప్పలేకపోయారు. చర్చి వరండాలో సండే స్కూలు పిల్లొకతె దేవదూత బొమ్మ గీస్తోంది: ముందు గుడ్డు, తరువాత అడ్డగీత, నిలువుగీత, ఆపైన ముఖంలో సగముండే కళ్ళు.

"దేవదూతకి అంతేసి కళ్ళేటే?" అని కావాలనే కయ్యానికి దిగాను.

"మా సర్చిలో దూతలకి మొదట్నించీ ఇంతే ఆంటీ. ఎవర్నన్నా అడగండి" అంది, తలెత్తకుండా.

నాతో వాదించి గెలిచినవాళ్ళు తక్కువ. ఆ పిల్లను గెలవనిచ్చాను.