బావ జెట్ పడవ, మామ్మ నిమ్మకాయ

పోయిన నెల బందరు రోడ్డు మీద ఒక పెద్ద షాపుకి బాత్‌రూమ్ బ్రష్షు కోసం వెళ్ళి, దారి తప్పి బొమ్మల వరసలో తేలాను. అక్కడ అద్దాల బీరువాలో ఒక ప్లాస్టిక్ స్పీడు బోటు, పక్కనే అరచేతిలో ఇమిడే రిమోటు. బోటు వెనకాల వెండి రంగు పూసిన జెట్ గొట్టం కూడా ఉంది. నాకా బోటుతో ఏ పనీ లేదు. అయినా వన్ టౌన్‌లో ఇనప సామాన్ల కొట్టువాడి కడుపున పుట్టిన పాపానికి, "చివరికి ఎంతకిస్తావమ్మా?" అని అడిగేశాను. "ఫిక్స్‌డ్ రేటండీ అంకుల్," అంది ఆ అమ్మాయి, జాలిగా. జాలి నాకు కొత్తేమీ కాదు. కానీ ఆ బోటుని చూస్తుంటే గుండెకి కాస్త ఎడంగా చిన్న మంట లేచింది. గ్యాసనుకుని సోడా తాగాను. తగ్గలేదు. ఇంటికొచ్చి పడక్కుర్చీలో వాలాక అర్థమైంది, అది గ్యాసు కాదు, మా బావ.

బావంటే అక్క భర్త. ఇది డెబ్బైలలో సంగతి. అప్పట్లో ఆయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు, మా ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకుండేవాడు. సన్నగా, నెమ్మదిగా, ఎంతడిగితే అంత ఇచ్చేసే మనిషి. ఆయన సంచి పట్టుకుని మార్కెట్టుకి బయల్దేరితే వంకాయలమ్మేవాళ్ళు సర్దుకుని కూర్చునేవాళ్ళు. నేనో, స్కూలు ఫైనలు అయిందనిపించుకుని కొట్లో నిలబడ్డవాణ్ణి. మేకుల దగ్గర్నుంచి బావి గిలకల దాకా బేరంలో నన్ను మించినవాడు మా వరసలో లేడని పక్క కొట్లవాళ్ళే ఒప్పుకునేవాళ్ళు. ఒప్పుకోనిదల్లా మా నాన్న. ఎంత గట్టి బేరం కుదిర్చినా ఆయన "ఊఁ" అనేవారు, అంతే. ఆ "ఊఁ"ని నేను పక్క మీద కూడా అటూ ఇటూ తిప్పి, అందులో మెచ్చుకోలు ఏ మాత్రం కలిసిందో వెతుక్కునేవాణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "బాగా చేశావురా" అని ఆయన నోటివెంట వినాలని నాకుండేది. ఈ లోకంలో నేను బేరమాడకుండా కొనడానికి సిద్ధపడ్డ సరుకు అదొక్కటే.

అలాంటి రోజుల్లో బావకి పాత పుస్తకాల కొట్లో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో నీటి మీద వేగంలో రికార్డు కొట్టడానికి కట్టిన జెట్ ఇంజను పడవ బొమ్మ ఉంది. ముందు రెండు పక్కలా తేలే దిమ్మల్ని చేతుల్లా చాచి, నోరు తెరుచుకుని, నీళ్ళని తాకడమే ఇష్టం లేనట్టు పైపైన పోతోంది. బావ ఆ పత్రిక తెచ్చి మా కొట్లో బల్ల మీద పరిచి, దీన్ని అడుగుకి అంగుళం చొప్పున చిన్నది చేస్తాననీ, ఒడ్డున నిలబడి వైర్లెస్ మీద నడిపిస్తాననీ అన్నాడు. నాన్న నవ్వుతారని నేను ముందే నవ్వు మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని బొమ్మ మీదకి వంగారు.

"నీళ్ళలో మునగదంటారా అల్లుడు గారూ?"

"అసలు నీళ్ళలో ఉండకూడదండీ మామయ్య గారూ. మీద ఉండాలి."

"ఆహా!" అన్నారు నాన్న. పుట్టి బుద్ధెరిగాక నా మొహాన పడని "ఆహా" అది. నా నవ్వు సగంలో ఉండగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దగ్గుగా మార్చుకున్నాను.

ఆ రోజు నుంచి మా కొట్టు కొట్టులా లేదు. బావ కొండపల్లి వెళ్ళి, అక్కడి బొమ్మలు చెక్కే పొణికి కర్ర తెచ్చాడు. చేత్తో పట్టుకుంటే అప్పడంలా తేలిగ్గా ఉండేది. దాన్ని చెక్కి, పల్చటి ప్లైవుడ్ అతికించి, నీళ్ళు పీల్చకుండా రంగు మీద రంగు వేశాడు. పొద్దున్నే ఖాతాదార్లు వచ్చి నిలబడినా, నాన్న మా కాటా మీద పడవ ముక్కలు తూచి, కుడి చెయ్యికీ ఎడమ చెయ్యికీ బరువు సరిపోయిందో లేదో చూస్తూ కూర్చునేవారు. నన్ను మీసాలొచ్చేదాకా ముట్టుకోనివ్వని కాటా అది. ఒక సాయంత్రం నీలం రంగు కావాలని బావ నసుగుతుంటే, సీలు తియ్యని కొత్త డబ్బాని నాన్న స్వయంగా స్క్రూడ్రైవరుతో తెరిచారు. మూత తీసిన డబ్బా ఎవరూ కొనరని నాకు చిన్నప్పటి నుంచీ పాఠం చెప్పింది ఆ చేతులే. నేను వెళ్ళి షట్టర్ దగ్గర నిలబడి రోడ్డు మీద రిక్షాలు చూశాను. ఒక్క రిక్షా కూడా నాకు కనపడలేదు.

అసూయకి ఒక సుగుణముంది, మనిషిని పరిశీలకుణ్ణి చేస్తుంది. నేను ఆ పడవని తిరగేసి, బోర్లేసి, చివరికి దాని గుట్టు పట్టుకున్నాను. జెట్ గొట్టం ఉత్త రేకు! బిస్కెట్ల డబ్బా కత్తిరించి చుట్టింది. లోపల ఉన్నది బావ ఎన్.సి.సి. రోజుల్లో సంపాదించిన, బొమ్మ విమానాలకి వాడే బుల్లి ఇంజను. అది ఆముదమూ కిరసనాయిలూ ఈథరూ కలిపిన నూనె తాగి, అడుగున ఉన్న చిన్న పంకాని తిప్పుతుంది. అది తిరిగినప్పుడల్లా అక్క వాళ్ళిల్లు ఆసుపత్రిలో ఎవరో తలంటు పోసుకుంటున్నట్టు వాసనేసేది. నేను పరుగున వెళ్ళి నాన్నతో, "ఇది జెట్టు కాదు, దొంగ జెట్టు," అన్నాను.

ఆయన తలెత్తకుండానే, "నా బోర్డు మీద రాయించిందంతా నా కొట్లో ఉందట్రా?" అన్నారు.

పోనీ నా విద్య అయినా చూపిద్దామని, పంకాకి ఇంకా గట్టి ఇరుసు చేయించడానికి నేనే బావని వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. లేతు మేస్త్రి దగ్గర ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాలో దారిపొడుగునా బావకి బోధించాను. మేస్త్రి పడవని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది నీళ్ళ మీద ఎగురుద్దాండీ?" అని బావనడిగాడు. బావ తలూపాడు. అంతే, మిషను ఆపి ఉన్న పనంతా పక్కన పెట్టి ఇరుసు చేసిచ్చి, "డబ్బులొద్దు సార్. ఎగిరించే రోజు కబురు పెట్టండి చాలు," అన్నాడు. నా బేరం నా నోట్లోనే ఉండిపోయింది. "కాదు మేస్త్రీ, ఎంతో కొంత తీసుకో," అన్నాను. వద్దన్నాడు. "పోనీ సగం తీసుకో." వద్దంటే వద్దన్నాడు. జన్మలో మొదటిసారి అవతలివాణ్ణి ధర పెంచమని బతిమాలి, అందులోనూ ఓడిపోయి ఇంటికొచ్చాను.

కాలవలు కట్టేసే రోజులు దగ్గర పడుతున్నాయి. కట్టేశారంటే మళ్ళీ వానాకాలం దాకా నీళ్ళుండవు. అందుకని ఒక ఆదివారం పొద్దున్నే అందరం యనమలకుదురు దగ్గర బందరు కాలవ గట్టు మీదకి చేరాం. నాన్న, అక్క, మేస్త్రి, నాన్నని కన్న మామ్మ, కొబ్బరికాయల సంచితో నేను. బావ వైర్లెస్ పెట్టె మెళ్ళో వేసుకున్నాడు. దానికి ఒకటే బటను, ఒక నొక్కుకి కుడి, రెండు నొక్కులకి ఎడమ. పడవలో ఉండే రిసీవరుకి తడి తగలకుండా దాన్ని రబ్బరు బుడగలో పెట్టి మూతి బిగించాడు. అంతా సిద్ధమయ్యాక మామ్మ కొంగులోంచి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ తీసింది. మా ఇంట్లో కొత్త సైకిలుకీ, కొత్త కిరసనాయిలు స్టవ్వుకీ కూడా అది కట్టందే వాడకం ఉండదు.

"ముక్కుకి కట్టండి. ఊళ్ళో కళ్ళన్నీ దీని మీదే ఉన్నాయి," అంది.

బావ మొహం పాలిపోయింది. "మామ్మ గారూ, ముక్కు మీద ఈగ వాలినా తేడా వస్తుందండీ."

"అయితే ఇంటికి పదండి."

ఇద్దరూ నా వైపు చూశారు. నాకంతకంటే ఏం కావాలి? సంచి కింద పెట్టి రంగంలోకి దిగాను. "మామ్మా, దండ మరీ ఎక్కువ. రెండు కాయలు చాల్లే." "కుదరదు." "పోనీ ఒక నిమ్మకాయ, మిరపకాయలు కొసరు." బావ అడ్డంగా తలూపాడు. నేను మామ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, ఒడ్డు మీద రెండు కొబ్బరికాయలు కొట్టేట్టూ, పడవకి ముమ్మారు దిష్టి తీసేట్టూ, ముక్కు మీద మాత్రం కాటుక చుక్కతో సరిపెట్టేట్టూ బేరం తెగ్గొట్టాను. మామ్మ కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంది. "అయితే దిష్టి నువ్వే తియ్యి. నీ కళ్ళు చల్లటివి," అంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాలవ వైపు తిరిగింది. నేను ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి," అంటుంటే, మామ్మ, "ఇంట్లోవాళ్ళ దిష్టి కూడా అనరా," అని అందించింది. అన్నాను. నాన్న, "ఊఁ" అన్నారు. బేరానికి అన్నారో దిష్టికి అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బావ ఇంజను తిప్పి పడవని వదిలాడు. అబద్ధమెందుకు, అంత అందమైన వస్తువుని నేను మళ్ళీ చూడలేదు. కాలవ మీద ఎవరో తెల్ల దారం లాగినట్టు పోయింది. అవతలి గట్టు మీద గేదెలు తలలెత్తాయి. నేను మాత్రం పడవని వదిలేసి నాన్న మొహం చూస్తున్నాను. ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అప్పుడు మేస్త్రి "అయ్యయ్యో!" అన్నాడు. పడవ చేతులు రెండూ నీళ్ళు వదిలాయి, ముక్కు ఆకాశం వైపు లేచింది, పడవ మొత్తం గాల్లో వెనక్కి పల్టీ కొట్టి బోర్లా పడింది. నాకు సంతోషం వస్తుందని ఒక్క క్షణం ఎదురుచూశాను. రాలేదు. నూనె నీళ్ళ మీద నెమలికంఠం రంగులో పరుచుకుంటోంది, బోర్లాపడ్డ పడవ ప్రవాహానికి కొట్టుకుపోతోంది.

ఈలోగా నాన్న పరుగెత్తారు. గల్లా పెట్టె ముందు నుంచి లేవడానికే బద్ధకించే మనిషి, పంచె ఎగ్గట్టి, చెప్పులు వదిలేసి, గట్టు వెంబడి పడవతో పోటీగా పరుగెత్తారు. "ఒరేయ్, మన బోటురా! పట్టుకోండర్రా, మన బోటు!" అని అరుస్తున్నారు. నేను పగలంతా చాకిరీ చేసే కొట్టుని ఆయన ఎప్పుడూ "నా కొట్టు" అనేవారు. ఎదురుగా వస్తున్న గడ్డి పడవలో మనిషి గెడ అడ్డం పెట్టి ఆపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన లాకుల దాకా పరుగెత్తేవారే.

పడవ గట్టెక్కింది. బావ గడ్డి మీద చతికిలబడి, పడవని ఒళ్ళో పెట్టుకుని తుడవసాగాడు. మామ్మ మాత్రం ఊరుకోలేదు. "నిమ్మకాయ కట్టనిస్తే ఇంత జరిగేదా? వీడు బేరాలాడబట్టి కాదూ!" అంది. నాన్న నా వైపు ఒక చూపు చూశారు. అప్పుడు బావ లేచి, "వాడిదేం లేదండీ, వద్దన్నది నేను," అన్నాడు. పడవ ముక్కుని వేళ్ళ మీద నిలబెట్టి చూసుకుని, మామ్మ ముందు చెయ్యి చాపాడు. "ఆ నిమ్మకాయొకటి ఇలా ఇవ్వండి మామ్మ గారూ. ముక్కు మరీ తేలికైపోయింది. సరిగ్గా ఇంత బరువే తక్కువ." దండలోంచి ఒక కాయ తెంపి ముక్కు డొల్లలో కదలకుండా కుక్కి, ఇంజనులో నీళ్ళు వంపి, ఆరబెట్టి, మళ్ళీ తిప్పాడు. ఈసారి పడవ కాటుక చుక్కతో, కడుపులో నిమ్మకాయతో, నూనె అయిపోయేదాకా పరుగెత్తింది. ముక్కు లేవలేదు. బావ అదంతా బరువు వల్లనే అన్నాడు, మామ్మ నిమ్మకాయ వల్ల అంది. మొదటిసారి ఇద్దరి మధ్యా నేను బేరానికి దిగలేదు.

నాన్న బావ భుజం మీద చెయ్యి వేసి, "భేష్ అల్లుడు గారూ, భేష్!" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను దగ్గరికి జరిగాను. మనిషికి ఆశ చెడ్డది కదా. ఆయన నన్ను చూసి, "ఒరేయ్, ఆ కొబ్బరి చిప్పలు ఏరి సంచిలో వెయ్యి," అన్నారు. వేశాను.

ఆ తరవాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ నాన్న ఆ కథ చెప్పేవారు. అందులో బావ ఉండేవాడు, మామ్మ ఉండేది, గడ్డి పడవ మనిషి కూడా ఉండేవాడు. నేను ఉండేవాణ్ణి కాదు. ఇప్పుడు నాన్నా లేరు, మామ్మా లేదు, కొట్టు స్థలంలో ఇంకెవరిదో బట్టల షాపు. బావకి చెవులు వినపడవు. నేను వెళ్ళినప్పుడల్లా నాన్న ఆ రోజు పరుగెత్తింది పడవ కోసమా, బావ కోసమా అని గట్టిగా అరిచి అడుగుతాను, ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఈ వయసులో ఇంకా ఈ కుళ్ళేమిట్రా అని అక్క కసురుతుంది. ఎవరితో చెప్పను? నా దగ్గరున్నవన్నీ కాలం అడిగిన ధరకే పట్టుకుపోయింది గానీ, ఈ అసూయని మాత్రం నేను అమ్మలేదు. అది కాస్త మండినప్పుడల్లా మా నాన్న పంచె ఎగ్గట్టి ఆ గట్టు మీద మళ్ళీ పరుగెడతారు.